‘నాట్ గిల్టీ’ అన్నాక మళ్లీ కేసు ఏమిటి?

ప్రశ్న:

మా తమ్ముడు కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. పదహారు నెలల కిందట అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు అడ్డం పెట్టిన విషయంలో పక్కింటతనితో మాటా మాటా పెరిగింది. అతను తుపాకీ తీసి కాల్చాడు. తమ్ముడు అక్కడికక్కడే పోయాడు. తమ్ముడి చేతిలో ఉన్నది ఫోను. చీకట్లో అది ఆయుధం అనుకున్నానని, ప్రాణభయంతో కాల్చానని అతను పోలీసులకు చెప్పాడు. పోయిన నెల జ్యూరీ (తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) ‘నాట్ గిల్టీ’ అంది. ఆ రోజే ఇంటికి వెళ్లిపోయాడు.

మా మరదలు, మూడేళ్ల పాప ఇంకా అక్కడే ఉన్నారు. ఇప్పుడు ఒక లాయరు సివిల్ కేసు వేద్దామంటున్నాడట. నాన్నగారు ససేమిరా అంటున్నారు. “వేస్తే పై కోర్టులో అప్పీలు వెయ్యాలి గానీ, కోర్టు వదిలేసిన మనిషి మీద కొత్త కేసేమిటి? కొడుకు ప్రాణానికి వెల కట్టించుకుంటామా?” అంటారు. మరదలు ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది. ఒక్క చావుకి రెండు కేసులు ఎలా ఉంటాయి? మొదటిదాంట్లో ఓడిపోయినవాళ్లం రెండోదాంట్లో గెలుస్తామా?

– ఒక అక్క

సమాధానం:

అమ్మా, ముందు మీ ఉత్తరంలో ఒక మాట సరిచేయనివ్వండి. ‘మొదటిదాంట్లో ఓడిపోయినవాళ్లం’ అని రాశారు. మీరు ఓడిపోలేదు. ఆ కేసులో మీరు లేనే లేరు.

మీ మరదలి దగ్గర కోర్టు కాగితాలుంటే పైన కేసు పేరు చూడమనండి. ‘కాలిఫోర్నియా రాష్ట్ర ప్రజలు వర్సెస్ ఫలానా వ్యక్తి’ అని ఉంటుంది. మీ తమ్ముడి పేరు గానీ, మీ మరదలి పేరు గానీ అక్కడ కనిపించవు. క్రిమినల్ కేసు రాష్ట్రానిది. ఆ ప్రాసిక్యూటర్ మీ లాయరు కాడు, ప్రభుత్వ లాయరు. ఏ నేరం కింద కేసు పెట్టాలి, ఎవర్ని సాక్షిగా పిలవాలి, మధ్యలో రాజీకి ఒప్పుకోవాలా వద్దా అన్నీ ఆయన చేతిలోవే. కాలిఫోర్నియాలో 2008లో ప్రజలు ఓటు వేసి తెచ్చుకున్న చట్టం వల్ల బాధిత కుటుంబానికి విచారణల గురించి తెలుసుకునే హక్కు, తమ మాట వినిపించుకునే హక్కు వచ్చాయి. నిర్ణయించే హక్కు మాత్రం రాలేదు. నేను వకీలును కాను. అమెరికా కోర్టుల్లో తెలుగువాళ్లకి ఇంటర్‌ప్రెటర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఆ కోర్టు హాళ్లలో వెనక వరసలో కూర్చుని, తమ బిడ్డ గురించే జరుగుతున్న విచారణలో ఒక్క మాట కూడా మాట్లాడే అవకాశం లేని తల్లిదండ్రులను చూశాను.

సివిల్ కేసు మీది. వాది స్థానంలో మీ మరదలి పేరు, పాప పేరు ఉంటాయి. లాయరు వాళ్ల లాయరు. ఎప్పుడు ముందుకెళ్లాలి, ఎప్పుడు ఆపాలి, ఏ మొత్తానికి రాజీ పడాలి అన్నది వాళ్ల ఇష్టం. బరువు కూడా వాళ్లదే. దాని గురించి కింద రాస్తాను.

ఇక నాన్నగారు అంటున్న అప్పీలు. మన దేశంలో కింది కోర్టు నిర్దోషి అని వదిలేసినా ప్రభుత్వం పై కోర్టుకి వెళ్లవచ్చు, బాధితులు కూడా వెళ్లవచ్చు. అందుకే ఆయన అలా అనుకోవడం సహజం. అమెరికాలో ఆ దారి మూసేశారు. ఒకసారి జ్యూరీ ‘నాట్ గిల్టీ’ అంటే అదే నేరానికి ఆ రాష్ట్రం అతన్ని మళ్లీ విచారించకూడదు, అప్పీలూ చేయకూడదు. వాళ్ల రాజ్యాంగంలో అయిదో సవరణ ఇచ్చిన రక్షణ అది. కేంద్ర ప్రభుత్వం తన చట్టాల కింద వేరే కేసు పెట్టే వీలుంది గానీ, జాతి ద్వేషంతో కాల్చాడు అన్నటువంటి ప్రత్యేకమైన ఆధారం ఉంటే తప్ప అలా జరగదు. పార్కింగ్ గొడవలో దాని మీద ఆశ పెట్టుకోమని నేను చెప్పలేను. ఆ అయిదో సవరణ సివిల్ కేసుకి మాత్రం అడ్డు రాదు. సివిల్ కేసులో శిక్ష ఉండదు, జైలు ఉండదు. ‘నువ్వు చేసినదానివల్ల వీళ్లకి జరిగిన నష్టానికి నువ్వు బాధ్యుడివా?’ అన్నది అక్కడి ప్రశ్న. ప్రశ్న వేరు కాబట్టి జవాబూ వేరు కావచ్చు.

ఎలా వేరవుతుందో మీ తమ్ముడి విషయంలోనే చూద్దాం. నాన్నగారికి ఇది చదివి వినిపించండి, దయచేసి.

క్రిమినల్ కోర్టులో జ్యూరీకి చెప్పేదేమిటంటే, సబబైన అనుమానం ఒక్కటి మిగిలినా ముద్దాయిని వదిలేయాలి. పైగా కాలిఫోర్నియాలో ముద్దాయి ‘ఆత్మరక్షణ కోసం కాల్చాను’ అన్నప్పుడు అది నిజమని అతను రుజువు చేయనక్కర్లేదు. అది ఆత్మరక్షణ కాదని ప్రాసిక్యూటరే రుజువు చేయాలి, అదీ అనుమానానికి తావు లేకుండా. చీకటి, ఇద్దరే మనుషులు, వాళ్లలో ఒకరు బతికి లేరు. చేతిలో ఉన్నది ఫోనా ఆయుధమా అన్నది ఆ క్షణంలో అతనికి ఎలా కనిపించిందో ఎవరు చెప్పగలరు? ‘ఏమో, నిజంగానే భయపడ్డాడేమో, ఆ భయం సబబైనదేనేమో’ అని జ్యూరీకి అనిపిస్తే చాలు, వాళ్లు వదిలేయక తప్పదు. కాబట్టి ‘నాట్ గిల్టీ’ అంటే ‘ఇతను ఏ తప్పూ చేయలేదు’ అని కాదు. ‘ప్రభుత్వం రుజువు చేయలేకపోయింది’ అని. తెలుగులో మనం దాన్ని ‘నిర్దోషి’ అని రాసుకుంటాం. ఆ మాట ఇళ్లలో చాలా మనసుల్ని విరిచేస్తుంది. మీ నాన్నగారు ‘కోర్టు వదిలేసిన మనిషి’ అంటున్నప్పుడు ఆయన వింటున్నది ‘తప్పు నీ కొడుకుది’ అని కాబోలు. జ్యూరీ ఆ మాట అనలేదు. దాని మీద వాళ్లు తీర్పే ఇవ్వలేదు.

సివిల్ కోర్టులో త్రాసు ముల్లు ఎటు మొగ్గితే అటే తీర్పు. ‘జరిగి ఉండకపోవడం కంటే జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది’ అనిపిస్తే చాలు. ఆత్మరక్షణ బరువు కూడా చేతులు మారుతుంది. ఇక్కడ ‘భయపడ్డాను, ఆ భయం సబబైనదే, అవసరమైనంత బలమే వాడాను’ అని అతనే రుజువు చేసుకోవాలి. పోయిన నెల అతనికి సాయం చేసిన చీకటే ఇప్పుడు అతనికి ఇబ్బంది కావచ్చు. ఇంకొకటి. సివిల్ కేసులో కావాలని చంపాడని చూపించాల్సిన పని కూడా లేదు. ఎదుటివాడి చేతిలో ఏముందో చూసుకోకుండా ట్రిగ్గర్ నొక్కడం నిర్లక్ష్యం అని చూపించగలిగినా అతను బాధ్యుడే.

జ్యూరీ లెక్క కూడా మారుతుంది. క్రిమినల్ కేసులో పన్నెండు మందీ ఒక్క మాట మీద ఉండాలి. కాలిఫోర్నియా సివిల్ కేసులో పన్నెండు మందిలో తొమ్మిది మంది ఒప్పుకుంటే తీర్పే.

ఇది పుస్తకాల్లో మాట కాదు. అదే రాష్ట్రంలో జరిగింది. 2001లో లాస్ ఏంజెలెస్‌లో నటుడు రాబర్ట్ బ్లేక్ భార్య ఒక రెస్టారెంట్ దగ్గర కారులో కూర్చుని ఉండగా తుపాకీ గుండుకి చనిపోయింది. 2005 మార్చిలో క్రిమినల్ జ్యూరీ హత్యానేరం విషయంలో అతన్ని ‘నాట్ గిల్టీ’ అంది. ఆమె పిల్లలు వేసిన సివిల్ కేసులో అదే సంవత్సరం నవంబరులో మరో జ్యూరీ పది మంది అవును, ఇద్దరు కాదు అన్న లెక్కతో ఆమె చావుకి అతనే బాధ్యుడని తేల్చి 3 కోట్ల డాలర్ల పరిహారం వేసింది. ఆ పది–రెండు క్రిమినల్ కోర్టులో అయితే తీర్పే కాదు. మరో తేడా చూడండి. క్రిమినల్ విచారణలో బ్లేక్ బోనెక్కలేదు. సివిల్ విచారణలో ఎక్కి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వచ్చింది. అయితే ఆ తర్వాత అతను దివాలా పిటిషన్ పెట్టాడు, అప్పీలు కోర్టు మొత్తాన్ని సగానికి తగ్గించింది. తీర్పులో రాసిన అంకె వేరు, చేతికి వచ్చే డబ్బు వేరు అన్నది ఇక్కడే గుర్తుపెట్టుకోండి.

మీ కేసుకి ఇంకా దగ్గరైనది మరొకటి ఉంది. 1992 అక్టోబరులో లూసియానా రాష్ట్రం బేటన్ రూజ్‌లో యోషిహిరో హత్తోరి అనే పదహారేళ్ల జపాన్ కుర్రాడు, చదువుకోవడానికి వచ్చినవాడు, హాలోవీన్ పార్టీకని వెళ్తూ పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టాడు. ఇంటి యజమాని భయపడి కాల్చాడు. కుర్రాడు చనిపోయాడు. 1993 మేలో జ్యూరీ కాసేపట్లోనే యజమానిని వదిలేసింది. పరాయి దేశంలో ఉన్న ఆ తల్లిదండ్రులు సివిల్ కేసు వేశారు. 1994 సెప్టెంబరులో జడ్జి ఆ కాల్పులకి సమర్థన లేదని తేల్చి 6,50,000 డాలర్లకు పైగా చెల్లించాలన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ కట్టింది లక్ష డాలర్లు. ఆ తల్లిదండ్రులు ఆ డబ్బుతో అమెరికా పిల్లలు జపాన్ వచ్చి చదువుకోవడానికి స్కాలర్‌షిప్ పెట్టారు. కొడుకుని పోగొట్టుకున్న దేశం పిల్లల కోసం. ‘ప్రాణానికి వెల కట్టించుకుంటామా’ అన్న మీ నాన్నగారి మాట చదివినప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చారు.

బోనెక్కే విషయం ఇంకాస్త చెప్పాలి. డబ్బు కంటే అదే ముఖ్యమని నా అభిప్రాయం. క్రిమినల్ విచారణలో ముద్దాయి నోరు విప్పకుండా కూర్చోవచ్చు. మాట్లాడలేదు కాబట్టి తప్పు చేశాడని జ్యూరీ అనుకోకూడదు కూడా. ‘నాట్ గిల్టీ’ వచ్చాక ఆ నేరానికి రాష్ట్రం మళ్లీ కేసు పెట్టడానికి వీల్లేదు కాబట్టి, ‘నా మాటలు నాకే ఉరి అవుతాయి’ అని సివిల్ కేసులో తప్పించుకోవడం కష్టం. విచారణకు ముందే డిపాజిషన్ అని ఒకటుంటుంది. లాయర్ల ఆఫీసులో ప్రమాణం చేయించి, గంటలకొద్దీ ప్రశ్నలు వేస్తారు. ప్రతి మాటా రికార్డు అవుతుంది. అతని ఫోన్ మెసేజ్‌లు, తుపాకీ ఎప్పుడు కొన్నాడు, అంతకు ముందు ఎవరితో గొడవలున్నాయి లాంటివన్నీ అడగవచ్చు.

అలాంటి ఒక గదిలో నేను ఒక తల్లి పక్కన కూర్చున్నాను. ఊరూ పేరూ చెప్పను. మధ్యాహ్నం విరామంలో ఆమె నన్ను పట్టుకుని, “నా కొడుకు పడిపోయాక ఎంతసేపటికి ఫోన్ చేశాడో అడగమను అమ్మా” అంది. లాయరుకి ఆమె మాట అనువదించి చెప్పాను, ఆయన అడిగాడు. కాల్చినతను తల వంచుకుని జవాబు చెప్పాడు. ఆ జవాబు ఆమెకి ఓదార్పు కాలేదు. కానీ ఆ రాత్రి నుంచి తను ఊహించుకుంటూ వచ్చిన వంద రకాల జవాబుల స్థానంలో ఒక్కటి మిగిలింది. ఇంటికి వెళ్తూ, ఈ వేళ నిద్ర పడుతుందేమో అంది.

ఇప్పుడు బరువు సంగతి. ఇది దాచి, కేసు వేసేయండి అనడం అన్యాయం అవుతుంది.

ఆ డిపాజిషన్ మీ మరదలికీ ఉంటుంది. అవతలి లాయరు మీ తమ్ముడి గురించి అడుగుతాడు. ఆ రాత్రి తాగి ఉన్నాడా, కోపిష్టివాడా, భార్యాభర్తలు బాగుండేవాళ్లా, ఉద్యోగం నిలకడగా ఉండేదా? భర్త పోయిన మనిషిని ఇవన్నీ అడగడం క్రూరంగా ఉంటుంది. కానీ అడుగుతారు. ‘గొడవలో సగం తప్పు చనిపోయినవాడిదే’ అని చూపించడానికి ప్రయత్నిస్తారు. నిర్లక్ష్యం మీద నడిచే కేసులో జ్యూరీ తప్పుని శాతాల్లో పంచవచ్చు, ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. ఇదంతా ఏడాదిలో అయిపోదు. రెండేళ్లు, మూడేళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి. మీ మరదలు అంత టెన్షన్ ఇప్పుడు పడగలదా అన్నది ఆమెనే అడగాలి, ఆమె బదులు మీరెవరూ జవాబు చెప్పకూడదు. చాలా కేసులు విచారణ దాకా రాకుండానే రాజీ అవుతాయి. రాజీ పడటం ఓడిపోవడం కాదు, కానీ అప్పుడు ‘ఇతను బాధ్యుడు’ అన్న తీర్పు మాత్రం రాదు. మీకు కావలసింది ఆ మాటే అయితే లాయరుకి ముందే చెప్పండి.

క్రిమినల్ కేసులో లాయరు కోసం మీకు రూపాయి ఖర్చు కాలేదు. సివిల్ కేసులో లాయర్లు మామూలుగా వచ్చినదాంట్లో వాటా తీసుకుంటారు, మూడో వంతు నుంచి నలభై శాతం దాకా. ఏమీ రాకపోతే ఫీజు ఉండదు. నిపుణుల సాక్ష్యానికీ, రికార్డులకీ అయ్యే ఖర్చు ఓడిపోతే ఎవరు భరించాలో మాత్రం సంతకం పెట్టకముందే కాగితం మీద రాయించుకోండి. తర్వాత అడగాల్సింది, అతని దగ్గర ఏముంది అని. ఇంటి ఇన్సూరెన్స్ ఉన్నా, కాలిఫోర్నియా చట్టం ప్రకారం కావాలని చేసిన హానికి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టదు. అందుకే లాయరు ‘నిర్లక్ష్యం’ అన్న మాటని కేసులో పెడతాడు. మీ మరదలికి అది తమ్ముడి చావుని చిన్నది చేసినట్టు అనిపించవచ్చు. కాదని చెప్పండి. ముందు జరిగిన గొడవల గురించి ఫిర్యాదులు వెళ్లినా అపార్ట్‌మెంట్ యాజమాన్యం పట్టించుకోలేదని తేలితే వాళ్లని కూడా ప్రతివాదులుగా చేర్చే వీలుంటుందేమో అడగాలి. ఒకవేళ కావాలని, దుర్బుద్ధితో చేశాడని కోర్టులో తేలితే, ఆ పరిహారం బాకీ దివాలా తీసినా రద్దు కాదు. తీర్పు పదేళ్లు నిలుస్తుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు.

ఇక నాన్నగారి దగ్గరికి వస్తాను. ‘డబ్బు కోసం’ అన్న మాట ఆయన్ని పట్టి పీడిస్తున్నట్టుంది. కాలిఫోర్నియాలో ఈ కేసు వేసే హక్కు ముందుగా భార్యకీ, పిల్లలకీ ఉంటుంది. తోబుట్టువులకి ఇలాంటప్పుడు ఉండదు, కాబట్టి మీరు వాది కాలేరు. తల్లిదండ్రులు ఆ కొడుకు మీద ఆధారపడి ఉన్నారని చూపించగలిగితే వాళ్లకీ హక్కుంది. మీ తమ్ముడు మీ అమ్మగారి మందులకో, ఇంటి ఖర్చుకో నెల నెలా పంపేవాడా? పంపితే నాన్నగారు కూడా ఈ కేసులో ఉండవచ్చు. వీళ్లందరిదీ కలిపి ఒకటే కేసు అవుతుంది, కాబట్టి ఇంట్లో మాట ఒకటి కావడం అవసరం. ఇంకో సంగతి ఆయనకి చెప్పండి. అక్కడి చట్టం పుత్రశోకానికి డబ్బు ఇవ్వదు. గుండెలో ఉన్న దుఃఖానికి లెక్క కట్టడానికి వీల్లేదని జ్యూరీకి జడ్జే చెబుతాడు. లెక్క కట్టేది పాప చదువుకి తండ్రి ఖర్చు పెట్టి ఉండే డబ్బు, ఆ ఇంటికి రావలసిన జీతం, అంత్యక్రియల ఖర్చు, తండ్రి తోడు, ప్రేమ, దారి చూపడం ఆ పిల్లకి లేకుండా పోవడం. ఇవి మూడేళ్ల మనవరాలి హక్కులు. వదులుకోవాలో వద్దో ఆ పిల్ల చెప్పలేదు. నా మనసులో మాట అడిగితే, మరదలికి ఓపిక ఉంటే వేయమనే అంటాను, ఆ పిల్ల కోసం.

ఆలోచించుకోవడానికి టైమ్ తక్కువ. కాలిఫోర్నియాలో చనిపోయిన రోజు నుంచి రెండేళ్లలోపు పెద్దలు కేసు వేయాలి. క్రిమినల్ కేసు నడుస్తున్నా ఈ గడువు దానంతట అది ఆగదు. మీకు పదహారు నెలలు గడిచాయి. ఇతర రాష్ట్రాల్లో బంధువులున్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. టెనెసీలో మామూలుగా గడువు ఒక్క ఏడాదే. న్యూయార్క్‌లో రెండేళ్లు, అయితే క్రిమినల్ కేసు నడిచి ఉంటే అది ముగిశాక కనీసం ఒక ఏడాది ఇస్తారు. ఫ్లోరిడాలో ఆత్మరక్షణ కోసం కాల్చినవారికి సివిల్ కేసు నుంచి కూడా రక్షణ ఉంది. ఆ రక్షణ వర్తిస్తుందని కోర్టు తేలిస్తే అవతలివాళ్ల లాయరు ఫీజు కేసు వేసినవాళ్లే కట్టాలి. కాబట్టి ఒక రాష్ట్రంలో గెలిచిన కథ విని ఇంకో రాష్ట్రంలో కేసు వేయకండి.

మీ మరదలి వీసా సంగతి మీరు రాయలేదు. భర్త వీసా మీద డిపెండెంట్‌గా వెళ్లిన మనిషైతే అది వెంటనే ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడాల్సిన విషయం, సివిల్ కేసు కంటే ముందు. సివిల్ కేసు వేసినంత మాత్రాన అక్కడ ఉండే హక్కు రాదు. పోలీసులకి సహకరించిన బాధిత కుటుంబాలకి యూ వీసా అని ఒకటుంది. హత్యకు గురైనవారి భార్య కూడా దానికి అడగవచ్చు. కానీ ఏడాదికి పదివేలే ఇస్తారు, నిరీక్షణ చాలా ఎక్కువ. ఆమె ఇండియా వచ్చేసినా కేసు పోదు, లాయరు ద్వారా నడపవచ్చు. రాష్ట్రంలో నేర బాధితుల పరిహార నిధి కూడా ఉంది. దానికి ఎవరికీ శిక్ష పడి ఉండనక్కర్లేదు. అంత్యక్రియల ఖర్చు, కౌన్సెలింగ్ ఖర్చు అడగవచ్చు. ఇంతకుముందు దరఖాస్తు పెట్టారో లేదో కనుక్కోండి.

ఈ వారంలో చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మరదల్ని ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు లాయర్లతో మాట్లాడమనండి. మొదటి మాటలకి చాలామంది డబ్బు అడగరు. ఇలాంటి చావు కేసులు విచారణ దాకా నడిపారా అని అడగాలి. క్రిమినల్ విచారణలో సాక్షులు చెప్పినదంతా రాతలో ఉంటుంది, ఆ ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించమనండి. సివిల్ లాయరుకి అది బంగారం. తమ్ముడి ఫోను పోలీసుల దగ్గరి నుంచి తిరిగొస్తే ఎవరూ దాన్ని తెరిచి ఏదీ తీసేయకూడదు. కుటుంబంలో ఎవరూ ఆ మనిషి గురించి ఫేస్‌బుక్‌లో గానీ వాట్సాప్ గ్రూపుల్లో గానీ రాయకండి, కోపంతో రాసిన ఒక్క వాక్యం రేపు డిపాజిషన్‌లో బయటికి వస్తుంది. నాన్నగారి బ్యాంకు పాస్‌బుక్ తీసి, తమ్ముడు పంపిన డబ్బు పడిన పేజీలన్నీ ఫొటోలు తీసి మరదలికి పంపండి. ఆయన అడిగితే ఎందుకో చెప్పండి. ఆ పేజీలు ఆయన్నే తిప్పనివ్వండి.